కోడెదూడ ఎవరి ఖాతా

"పాలిచ్చే గొడ్డుని ఎలా సాకాలో నేర్పితే సరే. దాన్ని ఎప్పుడు వదిలించుకోవాలో కూడా మీ కాలేజీలో పాఠం చెప్తారటగదే! ఆ పాపం ఎవరికి, చెప్పినోడికా, నేర్చుకున్నదానికా?" అని మా పక్క క్వార్టర్ పిన్ని అడిగింది. కార్తీకమాసమంతా ఆవిడ ఒంటిపూటే తింటుంది. వీధిలోకి ఆవు వస్తే అరటిపండు పెట్టి, వీపు తాకి ఆ చెయ్యి కళ్ళకద్దుకుంటుంది. నన్ను ఎత్తిపొడవాలని అడగలేదు, తెలుసుకోవాలనే అడిగింది. అందుకే ఆ ప్రశ్నని మర్యాదగా పట్టించుకోవాలి. చదువు ముదిరేకొద్దీ అది నా ప్రశ్న కూడా అయింది.

మా తాత శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఖలాసీగా ఖరగ్‌పూర్ వచ్చాడు. నాన్న ఇక్కడి వర్క్‌షాపులోనే ఫిట్టరు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా వరసలో తెలుగు మాట్లాడని ఇల్లు తక్కువ. గోల్‌బజార్‌కి వెళ్తే బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ, ఇంట్లోనూ గుడిలోనూ మన మాట. నేను బీవీఎస్సీ కోల్‌కతా బెల్గాచియాలో చదివాను. 1893లో బెంగాల్ వెటర్నరీ కాలేజీ మొదలైన చోటు అది. 1995 నుంచి పశ్చిమ బెంగాల్ పశు, మత్స్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళ కోర్సు. ఇప్పుడు పీజీలో నా సబ్జెక్టు పశు ఉత్పత్తి, యాజమాన్యం. మేం ఎల్‌పీఎం అంటాం. ఇందులో మందూ సూదీ తక్కువ. పశువుల శాల ఏ దిక్కుకి కట్టాలి, ఒక్కో ఆవుకి ఎంత చోటు వదలాలి, చూడి ఆవుని ఈనేముందు ఎన్నాళ్ళు పితకకుండా వదిలెయ్యాలి, మందలో ఏది ఉండాలి, ఏది పోవాలి, ఇవీ పాఠాలు. ఆ చివరిదాన్నే కల్లింగ్ అంటారు. పిన్ని చెవిన పడింది అదే.

కల్లింగ్ కనీసం కాయితం మీద ఉంటుంది. కాయితం మీదికి రానిది ఇంకొకటి ఉంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో గోజాతి పశువులు 19 కోట్ల 25 లక్షలు. వాటిలో ఆడవి 14 కోట్ల 51 లక్షలు. మగవి 4 కోట్ల 74 లక్షలు. పుట్టుకలో పెయ్యలూ కోడెదూడలూ దాదాపు సగం సగం. అంటే నాలుగింట మూడు వంతులు ఆడవే మిగలాలంటే మధ్యలో ఏదో జరగాలి. 2012 గణనతో పోలిస్తే ఆడవి 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. ఆ గణనలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ గోవులున్నది మేం ఉంటున్న పశ్చిమ బెంగాల్లోనే.

జరిగేదేమిటో పశువుల్ని పెట్టుకున్న వాళ్ళందరికీ తెలుసు. ట్రాక్టరొచ్చి కాడిని మూలన పెట్టింది. కృత్రిమ గర్భధారణలో ఒక్క ఆబోతు వీర్యం వేల ఆవులకి సరిపోతుంది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరం కోడెకి మూపురం అంతంత మాత్రమే, ఎండకి ఆగదు, దున్నడానికి పనికిరాదంటారు. పాల కోసమే ఆవుని కట్టేవాడికి కోడెదూడ తాగే ప్రతి లీటరూ నష్టం. కాబట్టి కొన్ని కోడెదూడలు కడుపు నిండక మొదటి నెలల్లోనే పోతాయి. కొన్ని సంతలో చేతులు మారుతూ మారుతూ కబేళాకి చేరతాయి. కొన్ని రాత్రిపూట ఊరి చివర వదిలేస్తే వీధుల్లో పడి పాలిథిన్ తింటాయి. ఎక్కడా ఎవరూ చంపినట్టు కనపడదు. ఇంట్లో పెరుగు మాత్రం తోడుకుంటుంది.

ఒకప్పుడు మనవాళ్ళకి సంపదంటే కోడెదూడే. ఒంగోలు గిత్త పేరు చెప్తే ఇప్పటికీ మా నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళి, నెల్లూరు పేరు మీద నెలోర్ అనిపించుకుని, అక్కడ కోట్లలో పెరిగింది, మాంసం కోసం. ఆ సంగతి క్లాసులో విన్న రోజు గర్వపడాలో లేదో నాకు తేలలేదు. ఇప్పుడూ తేలలేదు.

ఇంత హింస ఉన్నప్పుడు మన ధర్మం ఏమంటుంది? ఎవరిని అడిగినా చివరికి ధర్మవ్యాధుడి దగ్గరికే తీసుకెళ్తారు. భారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు కోపంగా చూస్తే కొంగ చచ్చిపడింది. ఆ తపస్సు చాలదని ఒక ఇల్లాలు అతన్ని మిథిలకి పంపింది. అక్కడ ధర్మం చెప్పినవాడు మాంసం కొట్టు ముందు కూర్చున్న బోయవాడు. నాగలి కింద ఎన్ని ప్రాణులు పోతున్నాయో చూడు, గింజలోనూ జీవం ఉంది, నడిచినా చస్తాయి, హింస అంటని వాడెవడూ లేడు, తగ్గించుకోవడానికి పాటుపడేవాడు మాత్రమే ఉంటాడు అన్నది అతని వాదన. నాకు ఇందులో అబద్ధం కనపడదు. మట్టిని ఎరిగినవాడి మాట అది. మా సబ్జెక్టు నేర్పేదీ అదే. ఒక లీటరు పాల వెనక ఎంత మేత, ఎంత నీరు, ఎన్ని ప్రాణాలు అని లెక్క వేసినవాళ్ళు నా చేతులు శుభ్రం అని అనలేరు.

కానీ అదే ధర్మవ్యాధుడు ఇంకో మాట కూడా అంటాడు. తను స్వయంగా చంపడట. ఎవరో చంపిన పంది మాంసం, దున్న మాంసం అమ్ముతాడట, తను తినడట. నేను ఆగిపోయేది ఇక్కడే. అంత గొప్ప గురువు నోట ఈ మాట ఎందుకొచ్చింది? పాలు తాగేవాళ్ళం మేం చంపలేదంటాం. పాలవాడు నేను అమ్మానంతే అంటాడు. సంతలో దళారి కొన్నానంతే అంటాడు. బౌద్ధ భిక్షువుకి కూడా తన కోసం చంపడం చూడనిది, విననిది, అలాంటి అనుమానం లేనిది అయితే మాంసం తీసుకోవచ్చని నియమం ఉంది. భిక్షువు అడుక్కుని తినేవాడు, పెట్టింది తినాలి, అతనికి ఆ వెసులుబాటు సబబే. డబ్బిచ్చి రోజూ రెండు ప్యాకెట్లు కొనే గృహస్థుకి అది ఎలా వర్తిస్తుంది? మనం అడిగితేనే గదా ఆవు ఈనేది!

మనుధర్మశాస్త్రంలో నేను ఒప్పుకోని మాటలు చాలా ఉన్నాయి, ఒప్పుకోను కూడా. అయినా దాని ఐదో అధ్యాయం ఈ విషయంలో ధర్మవ్యాధుడికన్నా కచ్చితంగా ఉంది. మాంసం సంగతిలో సరే అన్నవాడి దగ్గర్నుంచి తిన్నవాడి దాకా, మధ్యలో కొన్నవాణ్ణీ అమ్మినవాణ్ణీ వండి వడ్డించినవాణ్ణీ కూడా చంపినవాళ్ళ లెక్కలోనే కట్టింది. నేను చేసేదల్లా ఆ లెక్కని మాంసం దగ్గర ఆపకుండా పాల దాకా తీసుకురావడం. పిన్నికి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. పాపం చెప్పినోడిదీ నేర్చుకున్నదానిదీ మాత్రమే కాదు పిన్నీ, అందులో నీ కాఫీకీ, నా పెరుగన్నానికీ, గుడిలో అభిషేకానికీ వంతుంది.

అలాగని పాలు మానెయ్యమని చెప్పను. మానినవాళ్ళని గౌరవిస్తాను. గాంధీ 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశాడు. కలకత్తా ఖటాళ్ళలో, అంటే పాలవాళ్ళ పశువుల కొట్టాల్లో, ఆవుల్నీ గేదెల్నీ ఎంత హింసిస్తున్నారో చదివి ఆయన మనసు విరిగింది. ఫూకా అని ఒక పద్ధతి ఉండేది. దూడ లేని గొడ్డు చేపకపోతే దాని మానంలోకి గొట్టంతో గాలి ఊదేవాళ్ళు. తర్వాత ప్రాణం మీదికి వచ్చినప్పుడు కస్తూర్బా చెప్పిన దారిన మేకపాలు పుచ్చుకున్నాడు గానీ, ప్రతిజ్ఞ సారం పోయిందని ఆయన బాధ ఆయనకి ఉండనే ఉంది. 1960 జంతుహింస నివారణ చట్టం ఫూకాని నేరం చేసింది. మా కాలనీకి పాలు పోసే ఖటాల్లో నేను ఫూకా చూడలేదు. ఆక్సిటోసిన్ సూది చూశాను. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, ఆ బొమ్మని గేదె మూతి దగ్గర పెట్టి పితకడమూ చూశాను. గేదె దాన్ని నాకుతుంది. నాకుతుంటే పొదుగు చేపుతుంది. మెదడు అడుగున ఉన్న గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలో కలిసి, పాల గదుల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, పాలు దిగుతాయి, ఇదంతా నాకు వచ్చు, పరీక్షలో బొమ్మ గీసి రాశాను. ఆ శాస్త్రమంతా ఒక తల్లి తన బిడ్డ పక్కనే ఉందని నమ్మడం మీద నడుస్తోందని మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు.

మళ్ళీ ఆ మనుధర్మశాస్త్రమే ఇక్కడా అడ్డం పడుతుంది. దూడ లేని ఆవు పాలు తాగకూడదు. ఈనిన పది రోజుల లోపు పాలు తాగకూడదు. ఈ రెండూ ఆ ఐదో అధ్యాయంలోనే ఉన్నాయి. మా నాన్నమ్మ ఏ శాస్త్రమూ చదవలేదు. పల్లెలో ఆవుంది, ఈనగానే మొదటి పాలు ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "దూడ తాగి మిగిల్తేనే జున్ను. నేకపోతే నేదు," అనేది. ఎవరింట్లో జున్ను చేసి పంపినా ముందు దూడ ఎలా ఉందనే అడిగేది. అది దూడకి ఎందుకు మేలో నాకు బెల్గాచియాలో తెలిసింది. మనిషి బిడ్డకి తల్లి కడుపులోనే కొంత రక్షణ అందుతుంది. ఆవు మావి అలా అందనివ్వదు. దూడ రోగాన్ని తట్టుకునే శక్తి ఏమీ లేకుండా నేల మీద పడుతుంది. ముర్రుపాలలో ఉన్న ఆ శక్తిని దూడ పేగు తీసుకోగలిగేది మొదటి రోజంతే, మొదటి ఆరు గంటల్లో బాగా తీసుకుంటుంది, ఇరవై నాలుగు గంటలకి ఆ తలుపు మూసుకుంటుంది. దూడ బరువులో పదోవంతు ముర్రుపాలు తొలి రోజే పడాలి. పెయ్యకి ఎలాగూ పట్టిస్తారు. కోడెదూడకి పట్టించని ఇంటివాడు దాన్ని చంపుతున్నట్టే, పది రోజులు ఆలస్యంగా.

నాన్నమ్మ నియమానికి మూలం ఈ శాస్త్రం అని నేను అనను. ఆమెకి అది పురుడు, మైల, దేవుడికి పనికిరాని పాలు. కారణం ఏదైనా దూడ బతికింది. మతం చెప్పిన హద్దుల్లో ఇలాంటివి కొన్ని ఉన్నాయి, ఎందుకో మరిచిపోయినా పని చేస్తూనే ఉంటాయి. హద్దు తీసేసినవాళ్ళం మనం. తీసేశాక దాని చోట ఏం పెట్టామన్నదే నన్ను తొలిచే విషయం.

అశోకుడు పెట్టినట్టు ఎవరూ పెట్టలేదు. ఆయన మాట రెండో శిలాశాసనంలో ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ రాళ్ళు ఇప్పటికీ చూడొచ్చు. మనుషులకీ పశువులకీ రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించానని చెప్పుకున్నాడు. మా వృత్తికి అంతకన్నా పాత నియామకపత్రం నాకు తెలీదు. ఐదో స్తంభశాసనం ఇంకా దగ్గరగా వస్తుంది. చూలుతో ఉన్నవీ, పాలిస్తున్నవీ అయిన మేకల్నీ గొర్రెల్నీ పందుల్నీ చంపొద్దు, ఆరు నెలలు నిండని పిల్లల్ని చంపొద్దు, కొన్ని తిథుల్లో ఎడ్లకి వృషణాలు నొక్కొద్దు అన్నాడు. చక్రవర్తి హోదాలో మాంసం మొత్తం ఆపమని ఉత్తరువు వెయ్యగలిగేవాడే. వెయ్యలేదు. ఏ జీవాన్ని, ఏ వయసులో, ఏ స్థితిలో, ఏ రోజున అని కొలత పెట్టాడు. అది నాకు గొప్పగా తోస్తుంది. అహింస వ్రతంగా కాక రోజువారీ యాజమాన్యంగా మారిన చోటు అది. దాన్నే ఇంగ్లండులో 1965లో బ్రాంబెల్ కమిటీ కొట్టం కొలతల్లో చెప్పింది, పశువు లేవగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్ళు నాకుకోగలగాలి, కాళ్ళు చాపుకోగలగాలి. ఆ మాటల్లోంచి ఎదిగిన ఐదు స్వేచ్ఛల్ని 2014లో మన సుప్రీంకోర్టు జల్లికట్టు తీర్పులో జంతువుల హక్కులుగా పట్టుకుంది.

ఇక బలి. మా తెలుగువాళ్ళు ఇక్కడ చేసే అమ్మవారి పండగని ఊరంతా మాతాపూజ అంటారు. నాన్నకి పెద్ద జబ్బు చేసినప్పుడు నాన్నమ్మ మేకపోతుని మొక్కింది. నల్లటి బెంగాల్ మేక, పెరట్లోనే పెరిగింది. ఇంట్లో అందరికన్నా ముందు దానికే పనసాకు. మొక్కు తీరిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. నేను బలిని సమర్థించను. డప్పుల మధ్య కట్టేసిన మేకకి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో స్టెతస్కోపు పెట్టకుండానే నాకు తెలుస్తుంది. పిల్లల్ని కాపాడే తల్లికి ఇంకో తల్లి పిల్ల నెత్తురు కావాలని నేను నమ్మను. ఆంధ్రలో 1950 నాటి చట్టమే గుడిలో బలిని నిషేధించింది. కేంద్రం 1960లో చేసిన చట్టం మాత్రం 28వ సెక్షన్లో మతం కోరిన విధంగా చంపడాన్ని నేరాల్లోంచి మినహాయించింది. ఈ రెంటి మధ్య నేను మొదటిదాని వైపే. అయితే ఒకటి చెప్పాలి. ఆ పెరట్లో ఏ ప్రాణం ఎవరి కోసం పోతోందో చిన్నపిల్లకి కూడా తెలుసు. దాని ముఖం అందరూ చూశారు, పేరు పెట్టి పిలిచారు, అప్పు పడ్డామని ఒప్పుకున్నారు. బలి పోవాలి. ఆ ఒప్పుకోలు పోకూడదు.

మా వృత్తిలో ఆ ఒప్పుకోలు సంతకంగా వస్తుంది. పశ్చిమ బెంగాల్లో 1950 పశువధ నియంత్రణ చట్టం ప్రకారం ఆవునో ఎద్దునో గేదెనో వధించాలంటే అది పద్నాలుగేళ్ళు దాటి పనికీ సంతానానికీ ఆగనిదని, లేదా వయసు, గాయం, నయంకాని జబ్బు వల్ల ఎప్పటికీ పనికిరానిదని ధ్రువపత్రం కావాలి. మున్సిపాలిటీ పెద్దతో పాటు ప్రభుత్వ పశువైద్యుడూ సంతకం పెట్టాలి. వయసు పళ్ళు చూసి కడతాం. పాలపళ్ళు జతలు జతలుగా ఊడి, ఐదేళ్ళు దాటేసరికి ఎనిమిదీ వచ్చేస్తాయి. ఆ తర్వాత అరుగుదలే ఆధారం, చూపు నిలిపి చూస్తే తప్ప తెలీదు. పశువు నోట్లో చెయ్యి పెట్టి నాలుక పక్కకి పట్టుకున్నప్పుడు దాని వెచ్చటి ఊపిరి మణికట్టుకి తగులుతుంది. ఈ పని దేవుడి ముందు చేస్తున్నంత జాగ్రత్తగా చెయ్యాలని నా నమ్మకం. చూడకుండా పెట్టిన సంతకం అబద్ధసాక్ష్యం. అది కత్తికన్నా పెద్ద హింస.

ఇప్పుడు లింగనిర్ధారిత వీర్యం వచ్చింది. వాడితే నూటికి తొంభై వరకు పెయ్యలే పుడతాయి. ఇక నీ గొడవ తీరిపోయింది గదా అని స్నేహితులంటారు. నేను దాన్ని రైతులకి చెప్తాను, వాడమంటాను, పుట్టని దూడకి ఆకలి ఉండదు. కాని తీరిపోయిందని అనుకోను. ఆవు కూడా ఏదో ఒక ఈతతో వట్టిపోతుంది. అప్పుడు అదీ కోడెదూడ నిలబడిన చోటే నిలబడుతుంది. మనకి కావలసినవే పుట్టేలా చేసుకోవడం తెలిశాక, పుట్టిన వాటికి మన బాకీ పెరుగుతుందే గాని తరగదు. రోజూ ప్రాణులకి ఇంత అన్నం పెట్టమని భూతయజ్ఞాన్ని గృహస్థు నిత్యకర్మల్లో చేర్చినవాళ్ళు పశువుని దయ చూపాల్సినదానిగా కాదు, బాకీ ఉన్నదానిగా చూశారని నేను అర్థం చేసుకుంటాను. దయ మన ఇష్టం. బాకీ ఇష్టం కాదు.

అందుకే పీజీలో నేను కోరుకునే పని చిన్నది. ఫారాల్లో ప్రతి దూడకీ రిజిస్టరు ఉంటుంది, పుట్టిన తేదీ, బరువు, తల్లి నంబరు, తండ్రి నంబరు. చివర డిస్పోజల్ అని ఒక గడి. కోడెదూడ దగ్గర ఆ గడిలో మామూలుగా వేలం తేదీ, పలికిన ధర ఉంటాయి. ఆ తర్వాత దాని సంగతి ఏ శాస్త్రమూ రాసుకోదు. ఆ గడి పక్కన ఇంకో నాలుగు గళ్ళు గీయాలి. మొదటి ఆరు గంటల్లో ఎన్ని లీటర్ల ముర్రుపాలు పడ్డాయి. ఆరు నెలలకి ఎంత బరువుంది. ఎవరు, ఏ పనికి కొన్నారు. చివరికి ఎక్కడ, ఎలా పోయింది. చదువుకునే ప్రతి విద్యార్థీ ఒక కోడెదూడని పుట్టుక నుంచి పట్టుకుని ఆ నాలుగో గడి దాకా వెళ్ళి రాసి రావాలి, దానికి మార్కులుండాలి. నా సినాప్సిస్‌లో ఇదే పెట్టాను. నాలుగో గడి నింపడానికి సంతకీ కబేళాకీ కూడా వెళ్ళాల్సి వస్తుందని గైడుగారు గుర్తుచేశారు. వెళ్తానన్నాను.